పార్కర్ అంటే 51 అనే అంటాను, డ్యూఫోల్డ్ కాదు

మీరు అడిగింది ఇదీ: తాతగారి బీరువాలో మెరూన్ రంగు పార్కర్ 51 దొరికింది, దాంతో పాత పెన్నుల పిచ్చి పట్టుకుంది, ఇప్పుడు ఒక్కో పాత కంపెనీ నుంచి ఒక్కటంటే ఒక్కటే పెన్ను పెట్టుకోవాలనుకుంటున్నారు, అది చూస్తే ఆ కంపెనీ ఏమిటో తెలిసిపోవాలి. ఇంతలో ఎవరో పెద్దాయన "51 వీధికొకటి దొరుకుతుంది, అసలు పార్కర్ అంటే ఎర్ర డ్యూఫోల్డే" అని మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లారు. ఎవరి మాట నమ్మాలి, మిగతా కంపెనీలకి ఏది ఎంచుకోవాలి అని మీ ప్రశ్న.

నేను పాతికేళ్లుగా ఈ పెన్నులు విప్పుతున్నాను, బిగిస్తున్నాను, కొన్నిటిని శుభ్రంగా పాడు కూడా చేశాను. నా లెక్క ఒకటే. ఏది అందంగా ఉంది, ఏది ఖరీదు, ఏది ఎక్కువ అమ్ముడుపోయింది అన్నవి పక్కన పెట్టండి. ఆ కంపెనీ పుట్టినప్పటి నుంచి దేనితో కుస్తీ పడుతోంది అని చూడండి, ఎందుకంటే పాత కంపెనీల్లో ప్రతిదానికీ ఏదో ఒక పట్టుదల ఉండేది, తరాలు మారినా అదే పట్టుకుని వేలాడేవాళ్లు. ఆ కుస్తీ ఏ పెన్నులో గెలిచారో అదే వాళ్ల పెన్ను.

పార్కర్ సంగతే చూద్దాం. జార్జ్ పార్కర్ అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రం జేన్స్‌విల్ అనే ఊళ్లో టెలిగ్రఫీ పాఠాలు చెప్పే మాస్టారు. జీతం చాలక విద్యార్థులకి జాన్ హాలండ్ కంపెనీ పెన్నులు అమ్మేవాడు. అవి కారేవి. పిల్లలు తెచ్చి ఆయన బల్ల మీద పడేసేవాళ్లు, అమ్మిన పాపానికి ఆయనే కూర్చుని బాగుచేసేవాడు. అలా చేసీ చేసీ విసిగిపోయి 1888లో సొంత కంపెనీ పెట్టాడు. అంటే పార్కర్ కంపెనీ పుట్టిందే ఇంకు కారడం మీద కోపంతో. 1894లో వచ్చిన 'లక్కీ కర్వ్' కూడా అందుకే: పాళీ కింద ఉండే ఫీడ్ తోకని వంచి పెన్ను లోపలి గోడకి తగిలేలా చేశారు, జేబులో నిలబెట్టినప్పుడు ఫీడ్‌లో మిగిలిన ఇంకు ఆ గోడ పట్టుకుని కిందికి జారిపోతుంది, మూత తీసేసరికి వేళ్లకి అంటదు. 1931లో క్వింక్ ఇంకు తీసుకొచ్చారు, త్వరగా ఆరేది. అంటే పెన్నుల కంపెనీ ఇంకుతోనే కొట్టుకుంటోంది, గమనించండి.

ఇక 51. దాన్ని చూసిన వాళ్లందరూ "ఎంత నాజూగ్గా ఉందో, రాకెట్‌లా ఉంది" అంటారు. ఆ ఆకారం అందం కోసం గీసింది అనుకుంటే పొరపాటు. కాగితం మీద పెట్టగానే ఆరిపోయే ఇంకు కావాలనుకున్నారు. మరి అలాంటి ఇంకు పాళీ మీద కూడా ఆరిపోతుంది కదా? అందుకని పాళీని ముసుగులో దాచేశారు, కొస మాత్రమే బయటికి కనిపిస్తుంది. ఆ ఇంకు క్షారగుణం వల్ల అప్పట్లో పెన్నులు చేసే సెల్యులాయిడ్‌ని తినేసేది, 51 కాకుండా వేరే పెన్నులో పోయవద్దని పార్కరే చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకని ఒళ్లంతా ల్యూసైట్, అంటే విమానాల కిటికీలకి వాడే యాక్రిలిక్. జేబులో ఒంటి వేడికి లోపలి గాలి పెరిగి ఇంకుని బయటికి తోస్తుంది, ఆ ఇంకు ఎక్కడో ఒకచోట ఆగాలి, అందుకని ముసుగు లోపల సన్నటి దువ్వెన పళ్లలాంటి 'కలెక్టర్' పెట్టారు, ఎక్కువైన ఇంకు ఆ పళ్ల మధ్య నిలుస్తుంది. ముసుగు ఎందుకు, ప్లాస్టిక్ మార్పెందుకు, లోపల దువ్వెన ఎందుకు, దేన్ని అడిగినా జవాబు ఇంకే. మొదట ఇంకు, దాని చుట్టూ పెన్ను. మాస్టారుగారి బల్ల దగ్గర మొదలైన గొడవ యాభై ఏళ్లకి ఇక్కడ తీరింది. 1939లో దీని మీద పని ఒక కొలిక్కి వచ్చేసరికి కంపెనీకి 51వ ఏడు, పేరు అక్కడిదే. అంకె కాబట్టి ఏ దేశంలోనైనా పేరు మార్చక్కర్లేదు, అదో తెలివి. అమెరికాలో 1941లో వచ్చింది. మొహోలీ నాజ్ అనే పెద్ద డిజైనర్ దీన్ని తెగ మెచ్చుకున్నాడు, తరవాత పార్కర్‌కి సలహాదారుగా కూడా ఉన్నాడు, దాంతో ఆయనే గీశాడని ఒక పుకారు ఉంది. నమ్మకండి, ఆయన వచ్చేసరికే పెన్ను బజార్లో ఉంది.

డ్యూఫోల్డ్ 1921ది. దాన్ని నేను తక్కువ చేయట్లేదు, నా దగ్గర ఒకటుంది, పెట్టెలోంచి తీసినప్పుడల్లా ఇంట్లో వాళ్లు "అబ్బ, ఏం రంగు" అంటారు, 51 చూసి ఇప్పటిదాకా ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ దాని కథ ఏమిటి? పెన్నులు దాదాపు అన్నీ నల్లగా ఉన్న రోజుల్లో లూయిస్ టెబెల్ అనే సేల్స్‌మన్ ఎర్రటి పెద్ద పెన్ను చేద్దామన్నాడు, కంపెనీ పెద్దలు ముందు మొహమాటపడ్డారు, తరవాత 7 డాలర్లకి పెట్టి, పాతికేళ్ల గ్యారంటీ ఇచ్చి, పత్రికల నిండా ప్రకటనలు కుమ్మరించారు. అప్పట్లో ఒక పెన్నుకి 7 డాలర్లంటే మాటలు కాదు. లోపల మటుకు అదే లక్కీ కర్వ్, అదే రబ్బరు సంచి, దాన్ని నొక్కి ఇంకు నింపే అదే బటన్. మొదట ఎబోనైట్, అంటే గట్టి రబ్బరు, 1926 నుంచి ప్లాస్టిక్. రంగు, సైజు, ధర, ధైర్యం, ఈ నాలుగే డ్యూఫోల్డ్. సేల్స్‌మన్ పెన్ను అది, అద్భుతంగా అమ్ముడుపోయింది కూడా. పెద్దాయన పక్షాన ఒక బలమైన మాట ఉందని ఒప్పుకుంటాను: నూరేళ్ల పండగకి పార్కర్ మళ్లీ బయటికి తీసింది డ్యూఫోల్డ్ పేరునే. ఇటీవల 51 పేరుతో కూడా కొత్త పెన్ను వచ్చింది గానీ, దానికి తోసి మూసే మూత బదులు మరలు తిప్పే మూత పెట్టారు, నాకు ప్రాణం ఉసూరుమంది.

ఇంకో తమాషా. 1945 మే 7న ఫ్రాన్స్‌లోని రైమ్స్‌లో జర్మనీ లొంగిపోయాక అమెరికా సేనాని ఐసెన్‌హోవర్ రెండు పెన్నుల్ని V ఆకారంలో పట్టుకుని ఫోటో దిగాడు, అవి 51లు. అదే ఏడు సెప్టెంబర్ 2న మిస్సోరీ ఓడ మీద జపాన్ లొంగుబాటు పత్రాల మీద మరో అమెరికా సేనాని మెకార్థర్ సంతకాలకి వాడిన పెన్నుల్లో ఎర్ర డ్యూఫోల్డ్ ఒకటి. ఆ పెద్దాయనతో వాదన పెట్టుకుంటే చరిత్ర మీకు సాయం రాదు.

సాయం వచ్చేది మన హీరో పెన్ను. మన ఇళ్లలో 51 ముఖం చూడని వాళ్లకి కూడా ఆ ఆకారం తెలుసు. పదో తరగతి పరీక్షలకి నాన్న కొనిచ్చిన హీరో, స్టీలు మూత, కొస మాత్రం కనిపించే పాళీ, లోపల నొక్కే సంచి. ఆ షాంఘై పెన్ను రూపం ఎక్కడిది మరి? 51దే. వేరే దేశం వాడు 'పార్కర్‌లాంటి పెన్ను' చేయాలని కూర్చుంటే చేతికి వచ్చిన ఆకారం 51. నన్నడిగితే ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు.

(1933 నాటి పార్కర్ వాక్యూమాటిక్ పెన్ను సంగతేమిటి అని ఎవరో ఒకరు అడుగుతారు. బాణం క్లిప్ దానితోనే వచ్చింది, చారల మధ్య నుంచి ఇంకు కనిపిస్తుంది, చాలా అందమైన పెన్ను. 1948 దాకా 51లో వాడిన నింపే పద్ధతి కూడా దానిదే. కానీ అది 51కి వెళ్లే దారి, గమ్యం కాదు.)

షేఫర్ దగ్గరికొస్తే గొడవ ఇంకా ముదురుతుంది. వాల్టర్ షేఫర్ అయోవాలోని ఫోర్ట్ మాడిసన్‌లో నగల వ్యాపారి. అప్పట్లో చాలా పెన్నుల్లో డ్రాపర్‌తో చుక్క చుక్క ఇంకు పోసుకోవాలి, వేళ్లు నల్లబడాలి. ఆయన పక్కన చిన్న లీవర్ పెట్టి, దాన్ని ఎత్తితే లోపలి సంచి నొక్కుకునేలా చేసి 1908లో పేటెంట్ తీసుకున్నాడు. ఇక్కడ కుస్తీ ఇంకుతో కాదు, ఇంకు నింపడంతో. 1949లో టచ్‌డౌన్, వెనక కడ్డీ లాగి ఒక్కసారి నొక్కితే గాలి ఒత్తిడితో నిండిపోతుంది. అక్కడితో ఆగితే బాగుండేది, ఆగలేదు. 1952లో స్నార్కెల్ అని తెచ్చారు. వెనక పిడి తిప్పితే పాళీ కింద నుంచి సూదిలాంటి సన్నటి గొట్టం బయటికి వస్తుంది, దోమ తొండం అనుకోండి. కడ్డీ లాగి, ఆ గొట్టం కొస మాత్రం సీసాలో ముంచి, కడ్డీని ఒక్క నొక్కు నొక్కి, పది లెక్కపెట్టాలి. మళ్లీ పిడి తిప్పితే తొండం లోపలికి పోతుంది. పాళీకి ఇంకు అంటదు, తుడవక్కర్లేదు, గుడ్డ ముక్క అక్కర్లేదు. ఇంత చిన్న సౌకర్యం కోసం అంత యంత్రాంగమా అని మీకు నవ్వు రావచ్చు, నాకూ వచ్చింది, ఆ తరవాత మొదటిసారి నింపి చూశాక నవ్వు ఆగిపోయింది. అవతల బాల్ పెన్ను వచ్చి బజారు మింగేస్తోంది, అసలు నింపాల్సిన అవసరమే లేని పెన్ను. ఇవతల వీళ్లు నింపడాన్ని ఇంత పరాకాష్టకి తీసుకెళ్లారు. మొండితనమంటే అదీ, అందుకే షేఫర్‌కి నా ఓటు స్నార్కెల్‌కి.

1929 నాటి బ్యాలెన్స్ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండు కొసలూ సన్నబడే ఆకారాన్ని ఆనవాయితీ చేసింది అదే, మిగతా కంపెనీలన్నీ దాని వెనక పరిగెత్తాయి. కాదనను. కానీ మిగతావాళ్లంతా కాపీ కొట్టాక అది షేఫర్ సొత్తుగా మిగల్లేదు, తొండం వెనక మాత్రం అలా అందరూ పరిగెత్తలేదు, ఎవరికి ఓపిక?

ఒక హెచ్చరిక. స్నార్కెల్‌లో రబ్బరు సంచి, 'ఓ-రింగ్' అనే రబ్బరు వలయం, గొట్టం చుట్టూ చిన్న గ్యాస్కెట్, ఈ మూడూ డెబ్భై ఏళ్ల వయసువి, గట్టిపడి రాయిలా అయిపోయి ఉంటాయి. అమ్మేవాడు "పనిచేస్తుంది" అంటే మార్చిన తేదీ అడగండి. నాకొకసారి ఆన్‌లైన్‌లో ఒకాయన "కొత్తగా రిపేరు చేశాను" అని పంపిన పెన్నులో సంచిని ఏదో క్షణాల్లో గట్టిపడే జిగురుతో అంటించేశాడు, అది మళ్లీ ఊడిరాదు, ఆ భాగం మొత్తం చెత్తబుట్టకి పోయింది. సంచి అంటించాల్సింది లక్కతో, వేడి చూపిస్తే వదిలేయాలి. షేఫర్‌లో 1959 నాటి పి.ఎఫ్.ఎం. (పెన్ ఫర్ మెన్) కూడా చూడండి, లోపల తొండం అదే ఉంటుంది కాబట్టి రిపేరు తలనొప్పి దానికీ ఉంటుంది గానీ, పెన్ను ఒంట్లోనే పొదిగినట్టుండే ఆ పాళీ దానితోనే మొదలైంది. ఆ తలనొప్పే వద్దనుకుంటే 1976 నాటి టార్గా, అదే పొదిగిన పాళీ, ఇంకు నింపిన కార్ట్రిడ్జ్ వేసుకుని హాయిగా రాసుకోవచ్చు.

వాటర్‌మన్‌కి ఒక్క మోడల్ చెప్పడం కష్టం, ఎందుకంటే వాళ్ల గెలుపు మొదట్లోనే వచ్చేసింది. 1884లో ఫీడ్ మీద సన్నటి గాట్లు పెట్టి, ఇంకు కిందికి దిగుతుంటే గాలి పైకి వెళ్లే దారి చూపించారు, నమ్మకంగా రాసే పెన్ను అక్కడి నుంచే. ఆ తరవాత వాళ్లు చేసిందంతా దాన్నే అందంగా తయారుచేయడం. అందుకని నేను 52 అంటాను, వీలైతే ఎరుపు నలుపు అలలుగా కలిసిన ఎబోనైట్‌ది. 5 అంటే లీవర్, 2 అంటే పాళీ సైజు, పేరులోనే మొత్తం సమాచారం, గుమాస్తా రాసిన లెడ్జర్ లాగా. ఆ పాళీల్లో కొన్ని నొక్కితే విచ్చుకుంటాయి, గీత సన్నం నుంచి లావుకి వెళ్లి మళ్లీ సన్నబడుతుంది. మన గుండ్రటి అక్షరాలకి ఆ పాళీ దొరికితే అ, ఆలు మళ్లీ దిద్దుకోవాలనిపిస్తుంది. కాకపోతే ఎక్కువ నొక్కి చీల్చకండి, బంగారం ఒకసారి సాగితే వెనక్కి రాదు.

పెలికాన్‌కి ఆలోచించక్కర్లేదు, 400, 1950ది. హనోవర్ కంపెనీ, 1838 నుంచి రంగులు, ఇంకులు చేసుకునేవాళ్లు, పెన్ను జోలికి 1929 దాకా రాలేదు. ఇంకులవాడు పెన్ను చేస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది: పిస్టన్, పెన్ను కడుపు నిండా ఇంకు, ఎంత మిగిలిందో చూసుకోవడానికి కిటికీ. మొదటి పెన్నులోనే ఇవన్నీ ఉన్నాయి, కానీ ఆ నిలువు చారల ఒళ్లు, గూడబాతు (పెలికాన్ పక్షి) ముక్కు ఆకారం క్లిప్ కలిసి మనం ఇవాళ పెలికాన్ అని గుర్తుపట్టే రూపం 400ది. ఆకుపచ్చ చారలది కొనండి.

మోంబ్లా? 149. 1952 నుంచి ఉంది. దాని గురించి పేజీలు రాయొచ్చు గానీ నాకు ఆసక్తి లేదు. లావుగా ఉంటుంది, బాగానే రాస్తుంది, ఎదుటివాడు చూడాలని పుట్టింది, కంపెనీ కూడా ఇప్పుడు అదే పనిలో ఉంది కాబట్టి ప్రతినిధిగా దానికి తిరుగులేదు. ఎస్టర్‌బ్రూక్ అయితే జె మోడల్ తీసుకోండి, కానీ అక్కడ అసలు సరుకు పెన్ను కాదు, పాళీ. 1858 నుంచి స్టీలు పాళీలు చేసినవాళ్లు, పెన్ను వాటికి పిడి మాత్రమే, మర తిప్పి ఒక పాళీ తీసి ఇంకోటి బిగించుకోవచ్చు, డజన్ల రకాలు. ఒక జె, నాలుగు పాళీలు కొంటే మొత్తం కంపెనీని కొన్నట్టే. లామీ 2000 పాతదా కొత్తదా అని నన్ను లాగకండి, 1966 నుంచి ఆ రూపం దాదాపు మారలేదు, ఇవాళ దుకాణంలో కొన్నా పాతదే.

మీరు అడగలేదు గానీ, తెలుగువాళ్లు ఇలాంటి పెట్టె కట్టుకుంటూ రాజమండ్రిని వదిలేస్తే నాకు నచ్చదు. రత్నం పెన్నులు 1932 నుంచి. స్వదేశీ పట్టుదలతో మొదలుపెట్టారు, ఆ పెన్ను గాంధీ చేతికి వెళ్లింది, బజార్లో దొరికే విదేశీ పెన్నులకి బదులుగా బాగానే ఉందని ఆయన 1935లో ఉత్తరం రాశారు. ఇక్కడ 'మోడల్' అన్న మాట సరిగ్గా అతకదు, లేత్ మీద ఎబోనైట్ కడ్డీని తిప్పి ఒక్కొక్కటీ చేసేవి, రెండు పెన్నులు అచ్చు ఒకేలా ఉండవు. కాబట్టి మోడల్ నంబరు వెతక్కండి, నల్ల ఎబోనైట్, డ్రాపర్‌తో ఇంకు పోసేది, మూత మరలు గట్టిగా పట్టేది ఏదైనా చాలు. వేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, కాలిన రబ్బరు వాసన, కాస్త గంధకం ఘాటు వస్తే అది ఎబోనైటే. వేడి నీళ్లు మాత్రం చూపించకండి. మా నాన్నగారి ఎబోనైట్ పెన్ను మూతని శుభ్రం చేద్దామని నేను వేడి నీళ్ల గిన్నెలో వేశాను, తీసేసరికి కుంకుడుకాయ రంగుకి తిరిగింది. ఆయన ఏమీ అనలేదు, ఆ పెన్ను మళ్లీ జేబులో పెట్టుకోలేదు, అంతే.

ఇక మీ 51. మీరు ఫోటో పెట్టలేదు కాబట్టి ముందు అది 51 అవునో కాదో తేల్చుకోండి, ఎందుకంటే 1948లో వచ్చిన 21 అనే చవక తమ్ముడు ఒకడున్నాడు, దూరం నుంచి చూస్తే కవలలే. ఒంటిని మర తిప్పి తీయండి. లోపల సంచి చుట్టూ మూసినట్టుగా లోహపు గొట్టం, దానికి ఒక నొక్కే పట్టీ ఉంటే 51, సంచి పక్కలు బయటికి కనిపిస్తూ ఉంటే 21. ఇంకో గుర్తు: 21 ముసుగుకి సన్నటి పగుళ్లు రావడం మామూలే, 51 ల్యూసైట్ అంత తేలిగ్గా పగలదు. మూత అంచు దగ్గర దేశం పేరు చూడండి, మన దేశానికి వచ్చినవాటిలో ఇంగ్లండ్‌లో చేసినవి చాలా ఉన్నాయి, అమెరికాది కాదని బాధపడక్కర్లేదు.

లోహపు గొట్టం ఉంటే అది 1948 తరవాతది, మీ అదృష్టం. ఆ సంచి రబ్బరు కాదు, ఒకరకం ప్లాస్టిక్, నా చేతికి వచ్చినవాటిలో పదికి తొమ్మిది ఇంకా పనిచేస్తున్నాయి. ఎవరు చెప్పినా మార్పించకండి. ముసుగుని మాత్రం తిప్పి తీయాలని చూడొద్దు, లోపల సీలు చేసి ఉంటుంది, బలవంతం చేస్తే కలెక్టర్ విరుగుతుంది. మామూలు చల్లటి నీళ్లలో పాళీ వైపు ముంచి రాత్రంతా ఉంచండి, పొద్దున్నే పట్టీని నెమ్మదిగా నొక్కి వదలండి, నీళ్లు మార్చండి, మళ్లీ ముంచండి. డ్రాయింగ్ ఇంకు ఎప్పుడూ పోయొద్దు, మామూలు ఫౌంటెన్ పెన్ను ఇంకే, మొదట నీలం. రంగు రావడం ఆగిందనుకున్నాక ఇంకో రోజు ఉంచండి, ఆ దువ్వెన పళ్ల మధ్య ఎండిన ఇంకు తొందరగా వదలదు. నాకు ఒక పెన్నుకి తొమ్మిది రోజులు పట్టింది.